వంకలో పడ్డ రోజు నేనన్న ఒక్క మాట

మలేరియా ఉద్యోగంలో నాకు మొదట నేర్పింది అనుమానించడం. జ్వరం వచ్చిందన్న వాణ్ణి సగమే నమ్మాలి, రాలేదన్న వాణ్ణి అసలే నమ్మకూడదు. జ్వరమని ఒప్పుకుంటే సూదితో వేలు పొడిచి గాజుపలక మీద రక్తం చుక్క తీసుకుంటానని అందరికీ తెలుసు. అందుకని లోపల ఒక మనిషి దుప్పటి కప్పుకొని వణుకుతూనే ఉంటాడు, ఇంటావిడ గుమ్మానికి అడ్డం నిలబడి "మా ఇంట్లో అందరూ బాగుండారు సార్, పక్కింట్లో అడుగు పో" అంటుంది. నేను ఆమె భుజం మీదుగా లోపలికి తొంగి చూసేవాణ్ణి. పలక మీద రక్తం తీసి, చేదు మాత్రలు మింగించి, తలుపు పక్కన గోడ మీద తేదీ వేసి పక్క ఇంటికి వెళ్ళేవాణ్ణి. పదిహేను రోజులకు మళ్ళీ అదే గోడ, అదే తలుపు, అదే అబద్ధం.

ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే మీకు నేను చెప్పదగ్గ ఘనకార్యాలు కొన్ని ఉన్నాయి. వాటిని పదవీ విరమణ రోజున ఎవరెవరో మైకు పట్టుకొని చెప్పేశారు. ఎవరూ చెప్పనిది ఒకటి మిగిలిపోయింది. అది నేనే చెప్పాలి.

ఎమర్జెన్సీ ముగిసి ఏడాది దాటిన రోజులవి. నా పల్లెలు ఐరాల చుట్టుపక్కల ఉండేవి. చిత్తూరులో కాపురం, సైకిలు మీద ఉద్యోగం. భుజానికి సంచీ తగిలించుకొని సర్కారు మనిషి ఎవడొచ్చినా పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లకు పట్టుకుపోయేవాడే అని జనం గట్టిగా నమ్మే కాలం. నా సైకిలు బెల్లు వినగానే మగవాళ్ళు చెరుకు తోటల్లోకి జారుకునేవాళ్ళు. నేను తీసుకున్న రక్తం మద్రాసులో అమ్ముకుంటానని కొన్ని ఊళ్ళలో చెప్పుకునేవాళ్ళు. వాళ్ళు నన్ను నమ్మరు, నేను వాళ్ళను నమ్మను. అలాగే పని జరిగిపోయేది.

బయటి ఊళ్ళ నుంచి వచ్చిన వాళ్ళ రక్తం తప్పకుండా తీయాలని మాకు ఆదేశం. జ్వరం వాళ్ళతోనే వస్తుందని పైవాళ్ళ లెక్క. ఆ వేసవిలో ఒక ఊరి బయట బీడు నేలలో ఐదారు గుడారాలు లేచాయి. పిట్టల్ని పట్టుకుంటూ, సూదులూ పూసలూ అమ్ముకుంటూ గాడిదల మీద సామాను వేసుకొని తిరిగే వాళ్ళు. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునే భాష మనకు అర్థం కాదు. నేను వెళ్ళేసరికి ఒక ముసలామె పిల్లల్ని గుడారంలోకి లాగేసుకుంది. బక్కపల్చటి మనిషి ఒకడు ఎదురొచ్చాడు.

"మాకు జరం లేదు సామీ. మాకు నీ మందొద్దు, మా నెత్తురు నీకొద్దు."

"రక్తం ఇయ్యకపోతే పోలీసోళ్ళకు చెప్తా" అన్నాను.

అతను కదల్లేదు. అతని వెనక నిలబడ్డ భార్య మాత్రం నన్ను తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసింది. గుర్తు పెట్టుకోవడానికి చూసినట్టు చూసింది. నేను వెనక్కి తిరిగాను.

ఊళ్ళోకి వచ్చి టీ తాగుతుంటే గ్రామ మునసబు పలకరించాడు. వారం కింద ఎవరివో రెండు మేకలు పోయాయట. "ఆ గుడారాలోళ్ళు ఎట్లాంటోళ్ళు సార్? నువ్వు పోయొచ్చినావు గదా" అన్నాడు.

"వాళ్ళ మీద ఒక కన్నేసి ఉంచండప్పా" అన్నాను.

జ్వరం సంగతే అన్నానని తర్వాత నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. మేకలు పోయిన ఊళ్ళో ఆ మాట ఎలా వినపడుతుందో అన్నప్పుడే నాకు తెలుసు.

ఆ తర్వాత నాలుగో రోజు, పొద్దున పది గంటలప్పుడు, ఆ ఊరికే అడ్డదారిన గుట్ట దిగుతున్నాను. వెనక చక్రం బ్రేకు కట్టె అరిగిపోయి నెల అయింది. రేపు వేయిద్దాం, ఎల్లుండి వేయిద్దాం అనుకుంటూ గడిపేశాను. దిగుడులో సైకిలు నా మాట వినలేదు. ముందు చక్రం గాడిలో ఇరుక్కుంది, నేను ఎగిరి పక్కనున్న వంకలో, ఎండిపోయిన వాగులో పడ్డాను. కుడికాలు మోకాలి కింద విరిగిన చప్పుడు నాకే వినిపించింది. నుదురు రాయికి తగిలి నెత్తురు కంట్లోకి కారింది. సైకిలు వెనక కట్టిన పెట్టె పగిలి గాజుపలకలన్నీ ఇసుకలో మెరుస్తూ పడ్డాయి.

ఎంతసేపున్నానో తెలియదు. పైన బండి చక్రాల చప్పుడు వినిపించి ఆగింది. ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

"ఎవురో పడుండాడబ్బా."

"దిగొద్దు. ఇట్లనే ఒకడు పడుకోనుంటే, పాపమని దిగినోణ్ణి పొదల్లోనుంచి నలుగురొచ్చి దోసుకున్నారంట."

"నెత్తురు కారతా ఉండాది."

"కారనీ. సచ్చిపోతే మనల్నే అడుగుతారు. సాచ్చికమని సిత్తూరు కోర్టు సుట్టూ ఎవురు తిరగల్ల? తోలు తోలు."

మొదటి గొంతు నేను గుర్తుపట్టాను. వాళ్ళ ఇంట్లో జ్వరాలప్పుడు ఐదు రోజులు వరసగా వెళ్ళి మాత్రలు మింగించిన రైతు. పిలుద్దామని నోరు తెరిస్తే మూలుగు వచ్చింది. ఆ మూలుగుకు ఎద్దులు బెదిరాయో ఏమో, బండి ఇంకా వేగంగా పోయింది. వాళ్ళను తప్పు పట్టడానికి నాకు నోరు లేదు. ఆ బండి మీద నేనున్నా తోలు తోలు అనే ఉండేవాణ్ణి.

తర్వాత వచ్చింది గుడారాల వాళ్ళు. నేను పోలీసుల పేరు చెప్పి బెదిరించిన బక్కమనిషి, అతని భార్య, అతని కంటే పెద్దవాడు ఇంకొకడు, సామాను మోసే ఒక గాడిద. అతన్ని చూడగానే నాకు కాలు నొప్పి కంటే భయం ఎక్కువైంది. కళ్ళు మూసుకున్నాను. అతని చెయ్యి నా ఛాతీ మీదికి వచ్చింది. జేబు కోసమే అనుకొని రెండు చేతులతో జేబు పట్టుకున్నాను.

"గుండె కొట్టుకుంటా ఉండాది" అంది భార్య తెలుగులో, నాకు వినపడాలన్నట్టు.

వాళ్ళ భాషలో ముగ్గురూ గొడవ పడ్డారు. నాకు అర్థమైంది పోలీసు అన్న ఒక్క మాటే. పెద్దవాడు వదిలేసి పోదామంటున్నాడని ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు మాత్రం నన్ను ఏం చేయాలో మాట్లాడుకుంటున్నారనుకున్నాను. బక్కమనిషి పిట్టల వలకు వాడే వెదురుబద్దలు తెచ్చి నా కాలికి రెండు వైపులా పెట్టాడు. ఆమె తన చీర కొంగు చించి కట్టింది. సత్తు డబ్బాతో నీళ్ళు నోటి దగ్గర పెడితే నేను పెదాలు బిగించాను. అందులో ఏం కలిపారోనని. ఆమె ఆ డబ్బా ఎత్తి తాను ఒక గుక్క తాగి, మళ్ళీ నా నోటి దగ్గర పెట్టింది. తాగాను.

గాడిదను పొదకు కట్టేశారు. దుప్పటిని పొడవాటి బొంగుకు ఉయ్యాలలా కట్టి, అందులో నన్ను పడుకోబెట్టి, మగవాళ్ళిద్దరూ చెరో కొస భుజానికెత్తుకున్నారు. బయలుదేరే ముందు ఆమె వంగి నా మొహంలోకి చూసింది.

"సామీ, దావలో అరవాకు. నువ్వరిస్తే మేము సంపుతా ఉండామనుకుంటారు."

రెండు మైళ్ళు. మే నెల ఎండ. వాళ్ళ చెమట నా మీద పడుతోంది. ఆమె నా సంచీ మోస్తూ, ఎండ తగలకుండా ఒక గుడ్డ నా మొహానికి అడ్డం పట్టుకొని నడిచింది. దారి తెలియకుండా మొహం కప్పుతోందని అనుకున్నాను. ఎక్కడికి తీసుకుపోతున్నారో చూద్దామని మాటిమాటికీ ఆ గుడ్డ పక్కకు నెట్టాను. ఆమె మాటిమాటికీ మళ్ళీ అడ్డం పట్టింది.

ఊరు రాగానే కుక్కలు, వాటి వెనక మనుషులు. బడి అరుగు మీద నన్ను దించేసరికి ఊరంతా మూగింది. మునసబు వంగి అడిగాడు.

"సార్, వీళ్ళేనా నిన్ను కొట్టింది?"

నేను నా చేతివైపు చూసుకున్నాను. మణికట్టు మీద తెల్లటి పట్టీ గుర్తు మాత్రమే ఉంది.

"వాచీ" అన్నాను. "నా వాచీ లేదు."

అంతే. ఆ తర్వాత ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. మగవాళ్ళిద్దరినీ బడి స్తంభానికి చేతులు విరిచి కట్టేశారు. దెబ్బల చప్పుడు మొదలైంది. ఆమె జనాన్ని తోసుకొని వచ్చి నా సంచీ నా పక్కన పెట్టింది. "తెరిసి సూసుకో సామీ, అంతా ఉండాది. నువ్వే సెప్పు సామీ, నువ్వే పడినావని సెప్పు" అని అరుస్తోంది. నా కాలు విరిగింది గాని నాలుక విరగలేదు. చెప్పగలను. వాచీ వాళ్ళు తీయకపోతే ఏమైందన్న ప్రశ్న అడ్డం వచ్చింది. ఊరంతా నా పక్షాన నిలబడ్డ సమయంలో వాళ్ళకు ఎదురు చెప్పడం అడ్డం వచ్చింది. కళ్ళు మూసుకున్నాను. స్పృహ తప్పిందని ఎవరో అన్నారు. తప్పలేదు. ట్రాక్టరులో గడ్డి పరిచి నన్ను చిత్తూరుకు పంపించే దాకా నాకు అన్నీ వినపడుతూనే ఉన్నాయి.

ఆస్పత్రిలో నుదుటికి కుట్లు వేశారు, తొడ దాకా సిమెంటు కట్టు కట్టారు. చూడవచ్చిన బంధువులు పుత్తూరు ఎముకల వైద్యుల దగ్గరికి తీసుకుపోయి ఆకుకట్టు కట్టిద్దామా, ఇక్కడే ఉంచుదామా అని నా మంచం చుట్టూ రెండు రోజులు వాదించుకున్నారు. ఎవరు తెచ్చారని అడిగితే దారిన పోయేవాళ్ళు అని చెప్పాను. నా భార్య ఒకసారి నా మొహం చూసి దుప్పటి సర్దింది.

మూడో రోజు మా పాస్టరుగారు వచ్చారు. ప్రార్థన చేసి, బైబిలు తెరిచి, చదవకూడదని నేను కోరుకున్న భాగమే చదివారు. యెరికో దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషి, చూసి పక్కగా తప్పుకుపోయిన ఇద్దరు పెద్దలు, ఆగి గాయాలు కట్టి తన గాడిద మీద ఎక్కించుకుపోయిన సమరయుడు. ఆ కథ ఆదివారం బడిలో నేను ఆరేళ్ళు చెప్పాను. సమరయులంటే యూదులు తమ అరుగు మీద కూడా కూర్చోనివ్వని వాళ్ళని వివరించి చెప్పేవాణ్ణి. ఆపదలో ఉన్నవాణ్ణి చూస్తే మీరూ ఆగాలర్రా అని ముగించేవాణ్ణి. ఎప్పుడు చెప్పినా ఆగే మనిషి స్థానంలో నన్నే ఊహించుకున్నాను. ఆ కింద పడ్డవాడు లేచాక ఏం చేశాడో కథలో లేదు, నేనూ ఆలోచించలేదు.

"దేవుడు నీకూ ఎవరినో పంపించాడు. ఎవరు బాబూ వాళ్ళు? సంఘం తరఫున ఒకసారి వెళ్ళి దండం పెట్టి వస్తాము" అన్నారు పాస్టరుగారు.

"తెలియదండీ" అన్నాను.

మర్నాడు పొద్దున మా మలేరియా ఇన్‌స్పెక్టరు వచ్చాడు. రిటైరు కావడానికి ఏడాది కూడా లేని మనిషి. ముక్కుపొడి పీల్చకుండా ఒక వాక్యం పూర్తి చేయడు. పగిలిన పెట్టె, రిజిస్టరు సర్కారు ఆస్తి కాబట్టి వాటి కోసం వంక దాకా వెళ్ళొచ్చాడట. రుమాలు విప్పి నా మంచం మీద పెట్టాడు. అద్దం పగిలిన నా వాచీ.

"రాళ్ళ సందులో ఉన్నింది. నీ సైకిలు కూడా సూసినా. బ్రేకు కట్టె అరిగిపోయుండాది." ముక్కుపొడి పీల్చాడు. "నిన్ను ఎవురూ కొట్టలేదు గదా?"

"లేదు సార్."

"ఈ సంగతి నీకు వాచీ దొరికినాక తెలిసిందా, ముందే తెలుసా?"

"ముందే తెలుసు."

ఆయన ముక్కుపొడి డబ్బా మూసి జేబులో వేసుకున్నాడు. "ఇద్దరూ టేషన్లో ఉండారు. వాచీ యాడ దాసినారో సెప్పమని నాలుగు దినాలుగా అడుగుతా ఉండారంట. ఎట్ల అడుగుతారో నీకు సెప్పబన్లేదు."

"వాచీ తీసుకుపోయి చూపించండి సార్. నేను కాగితం కూడా రాసిస్తాను."

"వాచీ సూపిస్తే దొంగతనం పోతాది. కొట్టిన కేసు యాడికి పోతాది? ఇంగ కాగితమంటావా, ఆపరేషన్లకు దొంగ సంతకాలు పెట్టించుకున్న కాడ్నుంచి ఈ జిల్లాలో కాగితాన్ని నమ్మేవాడు లేడబ్బా. నువ్వే రావల్ల."

డాక్టరు కుదరదన్నాడు. కదిలితే ఎముక పక్కకు జరుగుతుందని, కాలు పొట్టిదైతే తనకు సంబంధం లేదని నా చేత సంతకం పెట్టించుకున్నాడు. ఆఫీసు జీపును పై అనుమతి లేకుండా ఇన్‌స్పెక్టరు తన పూచీ మీద రప్పించాడు. నా భార్య మెట్ల దగ్గర ఆపింది.

"ఎవురి కోసమో కాలు పోగొట్టుకుంటావా?"

అప్పుడు ఆమెకు మొత్తం చెప్పాను. వాచీ అన్న మాట దాకా. ఆమె లోపలికి వెళ్ళి దిండు, అన్నం గిన్నె తెచ్చి, దిండు నా కాలి కింద పెట్టి తానూ జీపెక్కింది.

స్టేషనులో ఎస్సై నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా కాలు చాపుకోవడానికి స్టూలు వేయించాడు. మర్యాద అంతటితో సరి.

"మొన్న వాచీ పోయిందన్నావు. ఈ పొద్దు దొరికిందంటావు. తెచ్చింది మీ ఇన్‌స్పెక్టరే అంటావు. నిన్ను ఎవురు బెదిరించినారు?"

"ఎవరూ బెదిరించలేదు సార్. నేనే పడ్డాను. వాళ్ళు మోసుకొచ్చారు."

"వాళ్ళా? రెండు మైళ్ళా? ఎందుకు మోస్తారు?"

 ఇంటింటికీ తిరిగి ఎవరినీ నమ్మని నేను, మొదటిసారి నిజం చెబుతూ ఎవరూ నమ్మక ఆ కుర్చీలో కూర్చున్నాను. మునసబును పిలిపించారు. ఆయన వచ్చి నా కట్టు వైపు, నా వైపు చూశాడు.

"ఇదేంది సార్? వాళ్ళ మీద ఒక కన్నేసి ఉంచమని నువ్వే గదా సెప్పినావు?"

ఎస్సై నా వైపు తిరిగాడు. ఇన్‌స్పెక్టరు ముక్కుపొడి డబ్బా తెరిచి అలాగే పట్టుకున్నాడు. ఈ సంగతి ఆయనకూ తెలియదు.

"అన్నాను" అన్నాను. "అదీ తప్పే. వాళ్ళు దొంగలని నాకేమీ తెలియదు."

అప్పటికి మధ్యాహ్నం దాటింది. ఎస్సైకి నమ్మకం కుదరలేదు. బండి మీద పోయిన వాళ్ళ సంగతి చెప్పక తప్పలేదు. గుడారాల వాళ్ళు రాక ముందే నేను పడి ఉండటం చూసిన మనిషి ఉన్నాడని, గొంతు గుర్తుపట్టానని చెప్పి, ఆ రైతు ఎవరో చెప్పాను. గంటన్నరకు అతన్ని తీసుకొచ్చారు. ఏ సాక్ష్యానికి భయపడి వాళ్ళు బండి తోలుకుపోయారో ఆ సాక్ష్యానికే అతను రావలసి వచ్చింది. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకొని నిలబడ్డాడు.

"నిజమే సార్. మేము పోతాన్నప్పుడే పడుండాడు. నెత్తురు కారతా ఉన్నింది. ఆడ ఇంకెవురూ లేరు."

"మరి దిగలేదేం?"

"బయమేసింది సార్." నా వైపు తిరిగాడు. "నువ్వని తెల్లేదు సార్. దేవుని తోడు."

తెలిసుంటే దిగేవాడివా అని అడగాలనిపించింది. అడగలేదు. నా నోటి నుంచి రావలసిన ప్రశ్న కాదది.

సాయంత్రం వాళ్ళిద్దరినీ బయటికి వదిలారు. పెద్దవాడు గోడ పట్టుకొని నడిచాడు. బక్కమనిషికి ఒక కన్ను మూసుకుపోయింది. నాలుగు రోజులుగా స్టేషను ఎదురుగా రోడ్డు మీద కూర్చునే ఉన్న భార్య లేచి వచ్చింది. అతను మొదట అడిగింది ఒకటే.

"మా గాడిద యాడుండాది?"

నన్ను మోసుకుపోయేటప్పుడు పొదకు కట్టేసిన గాడిద. ఆ తర్వాత దాన్ని తలచుకున్న వాళ్ళు లేరు. "నేను పోయినప్పుడు ఆడ గాడిద లేదప్పా. తెగిన తాడు కనపడింది" అన్నాడు ఇన్‌స్పెక్టరు.  ఆ రోజు పిట్టల కోసం వేరే చోటికి పోతూ గుడారం, వలలు అన్నీ దాని మీదే వేసుకున్నామని ఆమె అంది.

నేను జీపు పక్కన గోడకు ఆనుకొని ఒంటికాలి మీద నిలబడి ఉన్నాను. చేతులు జోడించాను. తప్పంతా నాదే అన్నాను, క్షమించమన్నాను.  నా భార్య అన్నం గిన్నె ఆమె చేతికిచ్చింది. ఆమె మూత తీసి, మొదట పెద్దవాడి ముందు పెట్టి, తర్వాత నా దగ్గరికి వచ్చింది. కోపంగా లేదు. అలిసిపోయి ఉంది.

"సామీ, ఇంగ దావలో ఎవురు పడున్నా మేము సూడకుండా పోతాము. ఈయనతో ఒట్టేయించుకున్నా. పిల్లలకు కూడా సెప్తా."

ఉద్యోగంలో నన్ను చాలామంది తిట్టారు. ఒక ఊళ్ళో పేడనీళ్ళు పోశారు. అవేవీ ఇంటిదాకా నాతో రాలేదు. ఈ మాట వచ్చింది. వాళ్ళ పిల్లలు ఎక్కడో, ఏ దారిలోనో, ఎవరినో చూసి తప్పుకుపోతే అది నా లెక్కలోకే వస్తుంది.

ఇక జీపు ఎక్కాలి. మెట్టు ఎత్తు. డ్రైవరు ఒక రెక్క పట్టుకున్నాడు, ముసలి ఇన్‌స్పెక్టరు ఇంకొక రెక్క పట్టుకున్నాడు. కట్టు బరువుకు కాలు లేవదు, నొప్పికి నేను కేక పెట్టాను. మునసబు, కానిస్టేబుళ్ళు, ఆ రైతు అందరూ చూస్తూ నిలబడ్డారు. అప్పుడు అన్నం ముందు కూర్చున్న బక్కమనిషి లేచాడు. భార్య వాళ్ళ భాషలో ఏదో గట్టిగా అంది. అతను ఆగలేదు. ఒక చెయ్యి నా కట్టు కింద, ఒక చెయ్యి వీపు వెనక వేసి, ఎత్తి సీటు మీద పడుకోబెట్టాడు. ఆ మణికట్ల మీద తాడు ఒరుసుకుపోయి చర్మం లేచిపోయి ఉంది. కాలి కింద దిండు సర్దాడు.

"కాలు జాగర్త" అని వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు.

నా కాలు అర అంగుళం పొట్టిదైంది. డాక్టరు చెప్పినట్టే. మళ్ళీ పనిలో చేరి ఆ ఊరికి వెళ్ళేసరికి ఆ బీడు నేలలో గుడారాలు లేవు. తర్వాత ఎన్నో ఊళ్ళలో, ఒకసారి శ్రీకాళహస్తి సంతలో, అలాంటి వాళ్ళు కనిపించిన చోటల్లా ఆగి వాళ్ళ గురించి అడిగాను. "ఎవురు కావల్ల సామీ? పేరేంది?" అని అడిగేవాళ్ళు. ఆ రోజు స్టేషనులో నా మాటలు రాసుకున్న కాగితం మీద అతని పేరు ఉండే ఉంటుంది. నేను చదవకుండా కింద సంతకం పెట్టాను.

ఇవాళ ఎవరు అడిగినా నా దగ్గర చెప్పడానికి ఆ పేరు లేదు.